కంప్యూటరు పురుగులు

తాటియాకుల గ్రంథములకు పురుగు పెద్ద శత్రువు. మన పూర్వులు ఆ సంగతి నెరిగి ఆకులకు పసుపు పూసిరి, నిమ్మగడ్డి తైలము రాచిరి, ఆకులు శిథిలమగునని తోచినప్పుడు మరియొక ప్రతి వ్రాయించిరి. మధుర నాయకరాజుల కాలమున ఈ దక్షిణదేశమున పుట్టిన తెలుగు వచన గ్రంథములలో నేడు మన చేతికి దక్కినవి అట్లు ప్రతికి ప్రతి వ్రాసికొనుటచేతనే దక్కినవి. పందొమ్మిదవ శతాబ్దమున బ్రౌను దొర లేఖకులను నియమించి తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించిన సంగతి పై తరగతుల విద్యార్థులకు తెలిసినదే.

నేడు మన వ్రాతలు ఆకుమీద లేవు, కాగితముమీదను అంతగా లేవు. కంప్యూటరులోను సెల్‌ఫోనులోను ఉన్నవి. వీనికిని పురుగు పట్టును. ఆ పురుగునకు ప్రాణము లేదు, కాళ్ళు లేవు. అది ఎవడో యొకడు బుద్ధిపూర్వకముగా వ్రాసిన ఆజ్ఞల వరుస, ఒక చిన్న ప్రోగ్రాము. అయినను అది తన ప్రతులను తానే వ్రాసికొని ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు ప్రాకిపోగలదు.

ఇది పట్టణములలో పెద్ద కార్యాలయములవారికి కావలసిన సంగతి గాని మనకేల యని కొందరు తలపవచ్చును. కోయంబత్తూరు చుట్టునున్న పల్లెలలోను, మధుర పాతవీధులలోను తరతరములుగా ఇంట తెలుగు మాటలాడు కుటుంబములు పెక్కు గలవు. వారిలో అనేకులకు తెలుగు నోటికి వచ్చునే గాని లిపి రాదు. వ్రాయవలసివచ్చినచో తమిళ లిపిలో వ్రాసికొందురు. కావున అవ్వలు పాడు పాటలు, తాతలు చెప్పు సామెతలు కాగితమున కెక్కినవి మిక్కిలి తక్కువ. మన విద్యార్థులు రెండేండ్లుగా వానిని సెల్‌ఫోనులలో ముద్రించి, పెన్‌డ్రైవులో నుంచి బడికి తెచ్చుచున్నారు. అట్లు పాడినవారిలో ఇద్దరవ్వలు ఇప్పుడు లేరు. వారి గొంతు ఆ పెన్‌డ్రైవులో మాత్రమే కలదు. దానికి పురుగు పట్టినచో మనము చేయవలసినదేమి, చేయరానిదేమి యనునది తెలిసియుండుట అవసరమని ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. వాడుకలో మనము అన్నిటిని కలిపి వైరస్ అనుచున్నాము. శాస్త్రజ్ఞులు వైరస్ వేరు, పురుగు వేరు అందురు. వైరస్ మామిడిచెట్టున మొలచు బదనిక వంటిది. చెట్టు లేనిదే బదనిక లేదు. అట్లే వేరొక ఫైలునకు అంటుకొని, ఆ ఫైలును ఎవరైన తెరచినప్పుడే వైరస్ పనిచేయును. పురుగునకు అట్టి ఆధారముతో పనిలేదు. అది స్వతంత్రమైన ప్రోగ్రాము. ఒక కంప్యూటరులో చేరిన వెంటనే, దానితో సంబంధమున్న ఇతర కంప్యూటరులను వెదకి, తెరచియున్న ద్వారమెక్కడ దొరకిన అక్కడ దూరును. యంత్రము నుపయోగించు మనుష్యుడు నిద్రించుచున్నను దాని పని ఆగదు. ఈ రెండుజాతుల గుణములును కలిసియున్నవి కూడ నేడు కలవు గనుక భేదము మరీ గట్టిగా పట్టుకొననక్కరలేదు.

పురుగు అను పేరు ఒక నవలనుండి వచ్చినది. 1975లో జాన్ బ్రన్నర్ అను ఆంగ్ల రచయిత ఒక భవిష్యత్కాలపు కథ వ్రాసి, అందులో కంప్యూటరుల వలయములో ప్రాకు ప్రోగ్రామునకు బద్దెపురుగు పేరు పెట్టెను. అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయమున షాక్, హప్ అను ఇరువురు ఆ పేరునే గ్రహించి, రాత్రివేళ ఖాళీగానుండు యంత్రములచేత పని చేయించుటకై మంచి పురుగులను వ్రాసిరి. వారు తమ అనుభవమును 1982లో ప్రకటించిరి. అనగా పురుగు మొదట పనివాడుగా పుట్టి పిదప దొంగయైనది.

పురుగు చేయగల చెరుపును లోకమునకు తెలిపినది మాత్రము 1988 నవంబరు 2వ తేదీ. ఆ సాయంకాలము రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి ఒక పురుగును ఇంటర్నెట్టులో విడిచెను. నాటి ఇంటర్నెట్టులో సుమారు 60,000 కంప్యూటరులుండగా, వానిలో 6,000 దానికి చిక్కెనని అంచనా వేసిరి. అది ప్రవేశించిన ఉపాయములలో రెంటిని గూర్చి కొంత విపులముగా చెప్పుదుము. ఏలయనగా, నేటి పురుగులుకూడ ఆ రెండు మార్గములనే త్రొక్కుచున్నవి.

మొదటిది పొంగిపొరలు ఉపాయము. మనము రైల్వే దరఖాస్తునందు పేరు వ్రాయుటకు ఇన్ని గళ్ళని ఉండును గదా. గళ్ళు ఇరువది యుండగా ముప్పది యక్షరముల పేరు వ్రాసినచో మిగిలినవి ప్రక్కనున్న గుమాస్తాగారి ఆజ్ఞల స్థలములోనికి పోవును. నాటి కంప్యూటరులలో ఇతరులను గూర్చి విచారించు ఒక ప్రోగ్రాము ప్రశ్నకొరకు 512 అక్షరముల చోటు మాత్రము కేటాయించి, వచ్చినవి ఎన్నియో లెక్కించుటను మరచినది. మోరిస్ పురుగు 536 అక్షరములు పంపెను. పొరలిపోయినవి ఆజ్ఞల స్థలమున పడగా, కంప్యూటరు వానిని తన యజమాని ఆజ్ఞలనుకొని తలయొగ్గి నెరవేర్చెను. ప్రోగ్రాము వ్రాసినవారి యేమరుపాటే దొంగకు ద్వారమైనది.

రెండవ ఉపాయము ఇంకను సులభము. ఆ పురుగు తనతో 432 మాటల పట్టిక నొకదానిని తీసికొనిపోయెను. అవి జనులు పాస్‌వర్డులుగా ఉంచుకొను సామాన్యమైన మాటలు. వానిని ఒక్కొక్కటిగా ప్రయోగించెను; వాడుకరి పేరును నేరుగాను తిరగవేసియు చూచెను. తాళములు అనేకము తెరచుకొన్నవి. మన విద్యార్థులలో తమ పేరును, పుట్టిన సంవత్సరమును కలిపి పాస్‌వర్డుగా పెట్టుకొన్నవారెందరో మేము అడుగబోము.

మోరిస్ తాను చెరుపు చేయదలపలేదనెను. అది నిజమైనను కావచ్చును. ఒకే యంత్రములోనికి పురుగు మరల మరల పోకుండుటకై, అచ్చట ముందే తన ప్రతి యున్నదా యని విచారించునట్లు వ్రాసెను. కాని ఎవరైన మోసముచేసి ఉన్నదని చెప్పుదురేమో యను శంకతో, ఏడింట నొకమారు ఆ మాటను లెక్కింపక నిలిచిపొమ్మనెను. ఆ లెక్కయే తప్పినది. యంత్రములు పురుగులతో నిండి, ఊపిరాడక స్తంభించినవి. న్యాయస్థానమువారు అతనికి మూడేండ్ల పర్యవేక్షణను, 400 గంటల సంఘసేవను, 10,050 డాలర్ల జరిమానాను విధించిరి. ఆ సంఘటన తరువాతనే పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఇట్టి ఆపదలను కనిపెట్టు సంఘ మేర్పడెను. మన దేశమున అట్టి సంస్థ సెర్ట్-ఇన్. 2004 నుండి పనిచేయుచున్నది.

ఇక మూడవ మార్గము మనుష్యుని మనస్సు. 2000 మే 4వ తేదీన ఫిలిప్పైన్స్ దేశమునుండి ఒక ప్రేమలేఖ బయలుదేరెను. ఈమెయిలుతో వచ్చిన ఆ లేఖను తెరచినవారి విలాసముల పుస్తకమునందున్న ప్రతివారికిని అదే లేఖ వారి పేరుతోనే పోయెను. తెలిసినవారి పేరుతో వచ్చినది గదా యని అందరును తెరచిరి. అది బొమ్మల ఫైళ్ళను చెరిపి, పాస్‌వర్డులను దొంగిలించు ప్రోగ్రామును తెచ్చుకొనుటకుకూడ యత్నించెను. దానిని వ్రాసినవాడు తెలిసినను, అట్టి నేరమునకు ఆ దేశమున నాటికి చట్టము లేనందున విడిచిపెట్టవలసివచ్చెను. మన దేశమున సమాచార సాంకేతిక చట్టము అదే సంవత్సరము అక్టోబరు 17న అమలులోనికి వచ్చినది. ఇతరుల కంప్యూటరులోనికి ఇట్టి కలుషితమును కుటిలబుద్ధితో ప్రవేశపెట్టినవానికి మూడేండ్ల వరకు కారాగారము కలదు. వినోదార్థము చేసితినని చెప్పుట సమాధానము కానేరదు.

ఆ ప్రేమలేఖ నేడు పెండ్లిపత్రిక వేషమున వచ్చుచున్నది. వాట్సాప్‌లో బంధువుల పేరుతో శుభలేఖ వచ్చును; లేదా బ్యాంకు నోటీసు, బండి జరిమానా చీటీ వచ్చును. తాకి చూచినచో అది పత్రిక కాదు, ఫోనులో స్థాపనకు అనుమతి కోరు యాప్. పత్రిక యగునది చదువబడవలెను గాని స్థాపింపబడవలసిన పని దానికేమి? ఆ అనుమతి నిచ్చినచో అది బ్యాంకువారు పంపు ఓటీపీలను చదువును. కొన్ని, మన వాట్సాప్‌నే వశపరచుకొని మన బంధువులందరికి ఆ శుభలేఖనే పంచును. మనవారికి పెండ్లిపిలుపునందు గల మర్యాద యెట్టిదో ఆ దొంగలకు బాగుగ తెలిసినట్లున్నది. ఇంటనున్న పెద్దల ఫోనులను ఈ దృష్టితో ఒకమారు చూడుడు.

తెలుగునాట పురుగు గొప్ప కలవరము పుట్టించినది 2017 మే మాసమున. ఆ నెల 12వ తేదీ శుక్రవారమున వాన్నాక్రై అను పురుగు బయలుదేరి, కొలదిదినములలో 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటరులను పట్టెను. ఇంగ్లండులో ఆసుపత్రులవారు రోగులను త్రిప్పిపంపవలసివచ్చెను. మరునాడే ఆంధ్రప్రదేశమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలలోని పోలీసువారి కంప్యూటరులు కొన్ని దానికి చిక్కినట్లు పత్రికలలో వెలువడెను. పిదప తిరుమల తిరుపతి దేవస్థానమువారి కార్యాలయపు కంప్యూటరులు కొన్నిటికిని సోకినట్లు తెలిసెను. మేము ఉపాధ్యాయ శిక్షణము పొందినది ఆ తిరుపతియందే గనుక ఈ వార్తను ఎక్కువ శ్రద్ధతో చదివితిమి.

వాన్నాక్రై ఫైళ్ళను చెరుపలేదు; తాళము వేసెను. గణితశాస్త్రపు రహస్యలిపిలోనికి మార్చి, తాళపుచెవి కావలెనన్నచో 300 డాలర్లు బిట్‌కాయినులో చెల్లింపుమని తెరమీద వ్రాసెను; మూడుదినములు దాటినచో ఆ సొమ్ము రెట్టింపు. అది వచ్చిన దారి ఎట్టిదనగా, ప్రతి కంప్యూటరునకును సంఖ్యలు గల ద్వారములు వేలకొలది యుండును. వానిలో 445వది ఒక కార్యాలయమునందలి కంప్యూటరులు తమలో తాము ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకొను ద్వారము. విండోస్ వ్యవస్థలో ఆ ద్వారమున నొక లోపముండెను. పురుగు దానిని పట్టుకొని, ఎవరును ఏమియు తాకకుండగనే గదిలోని యంత్రములన్నిటికి ప్రాకెను.

ఇక్కడ గమనింపదగిన విషయమొకటి కలదు. ఆ లోపమును సరిదిద్దు అతుకును మైక్రోసాఫ్టువారు మార్చి 14ననే ప్రకటించి యుండిరి. అనగా పురుగు రాకకు రెండుమాసముల ముందే మందు సిద్ధముగానున్నది. పుచ్చుకొన్నవారికి ఏమియు కాలేదు. దాని వ్యాప్తిని తగ్గించినదియు ఒక చిత్రమైన సంగతి. ఆ పురుగు పని ప్రారంభించుటకు ముందు ఎవరును కొనని ఒక వెబ్ విలాసమును పిలిచి చూచుచుండెను. జవాబు వచ్చినచో ఆగిపోవును. మార్కస్ హచిన్స్ అను ఇరువదిరెండేండ్ల ఆంగ్ల యువకుడు అది గమనించి ఆ విలాసమును తన పేర నమోదు చేయగా, క్రొత్తగా ప్రాకిన పురుగులు చాలవరకు నిలిచిపోయెను.

మన కోయంబత్తూరులో లేతులు, పంపులు, మోటారులు చేయు చిన్న కర్మశాలలున్నవి. యంత్రమునకు జోడింపబడిన కంప్యూటరు పాతదైనను పని జరుగుచున్నది గదా యని దానిని ముట్టరు. ఇంటర్నెట్టు లేదు గనుక భయము లేదందురు. 2018 ఆగస్టులో తైవాను దేశమున చిప్పులు చేయు టీఎస్ఎంసీ అను మహాసంస్థలో, క్రొత్తగా తెచ్చిన యంత్రమును పరీక్షింపక లోపలి వలయమునకు కలుపుటచేత వాన్నాక్రై జాతి పురుగు ప్రవేశించి కర్మాగారములలో పని నిలిపెను. అతుకు వచ్చి అప్పటికి సంవత్సరముపైన ఐనది. ఇంటర్నెట్టు లేకున్నను యంత్రములు ఒకదానితో నొకటి కలిసియున్నచో పురుగునకు అంతియే చాలును.

అసలు మన ప్రాంతమున పురుగునకు ప్రధాన వాహనము పెన్‌డ్రైవు. విద్యార్థి ఇంటిలో వ్రాసినదానిని అచ్చువేయించుటకై జిరాక్సు దుకాణమునకు పోవును. ఆ దుకాణపు కంప్యూటరునకు దినమునకు ఎందరి పెన్‌డ్రైవులో తగులును. అచ్చట పురుగున్నచో అన్నిటికి అంటును. అవి ఇంటింటికి, బడికి చేరును. 2008లో పుట్టిన కాన్ఫికర్ అను పురుగు పెన్‌డ్రైవు తగిలించిన క్షణముననే తనంతట తాను మేల్కొనెడిది. 2011 ఫిబ్రవరిలో విండోస్ అతుకుచేత ఆ సౌకర్యమును తీసివేసిరి. అందుచేత నేటి పురుగులు మనచేతనే తలుపు తీయించుకొనుచున్నవి. మన ఫోల్డరులను కనబడకుండ దాచి, అవే పేర్లతో, అదే పసుపుపచ్చని బొమ్మతో మారువేషపు గుర్తులను నిలుపును. ఆ గుర్తు మూలనొక చిన్న వంకరబాణము మాత్రము ఉండును. మనము మన ఫోల్డరే యని తాకినచో మొదట పురుగు మేల్కొనును, వెనుక ఫోల్డరును తెరచుకొనును. కావున అనుమానము కలుగదు.

సమాచారమును దొంగిలించు విధమును గూర్చి కొంచెము చెప్పవలెను. దొంగపురుగు నిశ్శబ్దముగా నుండును. ప్రత్తికాయలో గులాబిరంగు పురుగున్నను కాయ వెలుపల చక్కగనే కనబడును. ప్రత్తి తీయునప్పుడే రైతునకు గుండె గుభేలుమనును. అట్లే ఇది మీటలపై మన వ్రేళ్ళు కొట్టు అక్షరముల నెల్ల వరుసగా వ్రాసికొనును, బ్రౌజరులో దాచుకొన్న పాస్‌వర్డులను ఏరును, ఏ ఫైలు ఎక్కడనున్నదో జాబితా వేయును. పిదప ఆ మూటను కొంచెము కొంచెముగా ఇంటర్నెట్టు ద్వారా యజమానికి చేరవేయును. మధురకు దక్షిణముననున్న కూడంకుళము అణువిద్యుత్కేంద్రమున 2019లో జరిగినదిట్టిదే. డీట్రాక్ అను దొంగ ప్రోగ్రాము అచ్చటి పరిపాలనా వలయములోని ఒక కంప్యూటరున చేరినట్లు సెర్ట్-ఇన్‌వారు సెప్టెంబరు 4న తెలిపిరని, అణువిద్యుత్ సంస్థవారు అక్టోబరు 30న అంగీకరించిరి. అణుయంత్రములను నడపు వలయము వేరుగా నుండుటచేత దానికేమియు కాలేదని చెప్పిరి. డీట్రాక్‌ను ఖచ్చితముగా పురుగని అనరాదు. అయినను దొంగిలించు పద్ధతి ఒక్కటే. అచ్చట కాపాడినది రెండు వలయముల నడుమనున్న గోడ.

పురుగు పట్టినదని తోచినచో మొదట చేయవలసినది ఇంటర్నెట్టు తీగను ఊడదీయుట, వైఫై నాపుట. ప్రాకుటకు దారి లేకుండ చేసిన పిదపనే చికిత్స. ఆ యంత్రమున మరియొక పెన్‌డ్రైవు తగిలింపరాదు. విండోస్‌లోనే డిఫెండరు అను కాపరి కలదు. అందులో ఆఫ్‌లైన్ స్కాన్ అను పద్ధతిని ఎన్నుకొన్నచో, కంప్యూటరు పూర్తిగా మేల్కొనకముందే, అనగా పురుగు మేల్కొనకముందే, వెదకి తీసివేయును. మన ప్రభుత్వమువారు 2017 ఫిబ్రవరిలో స్థాపించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రమువారు శుద్ధిచేయు పరికరములను ఉచితముగా నిచ్చుచున్నారు. పెన్‌డ్రైవులకై వారిచ్చిన యూఎస్‌బీ ప్రతిరోధ్ హైదరాబాదులోని సీ-డాక్ సంస్థవారు నిర్మించినదని చెప్పుటకు మాకు సంతోషముగానున్నది.

పురుగు మాటిమాటికి తిరిగివచ్చుచున్నచో, అవసరమైన వ్రాతలను, చిత్రములను మాత్రము వెలికి తీసి, విండోస్‌ను మొదటినుండి తిరిగి స్థాపించుటయే మేలు. తరువాత అతుకులన్నియు వేయవలెను. విండోస్ పదవ తరగతికి మైక్రోసాఫ్టువారు సాధారణముగా అతుకులిచ్చుట 2025 అక్టోబరు 14తో మానిరి గనుక పాత యంత్రములవారు ఈ సంగతి తెలిసికొనవలెను. పాస్‌వర్డులను మార్చుట తప్పనిసరి. కాని పురుగున్న యంత్రమునుండి మార్చినచో క్రొత్తవియు దొంగకే చేరును. శుద్ధమైన వేరొక యంత్రమునుండి మార్చవలెను. బ్యాంకులో డబ్బు పోయినచో 1930 సంఖ్యకు వెంటనే ఫోను చేయవలెను. గంటలు గడచినకొలది సొమ్మును నిలుపుట కష్టము.

ఇక పెన్‌డ్రైవు సంగతి. ఫోల్డరులు మాయమై గుర్తులు మాత్రమే కనబడినప్పుడు, అంతయు పోయినదని బెదరి, దుకాణమువారు చెప్పినట్లు ఫార్మాట్ చేయించుట సామాన్యముగా జరుగుచున్న పొరపాటు. పురుగు వానిని చెరుపలేదు, దాచినది. ఫార్మాట్ చేయించినచో అప్పుడు నిజముగా పోవును. కావున ముందుగా శుద్ధమైన కంప్యూటరున పెన్‌డ్రైవును తగిలించి, ఏ గుర్తును తాకక, డిఫెండరుచేత వెదకింపవలెను. తరువాత ఫోల్డరుల ఎంపికలలో దాగిన ఫైళ్ళను చూపుమను దానిని గుర్తించి, రక్షిత వ్యవస్థా ఫైళ్ళను దాచుమనుదానిని తొలగింపవలెను. అప్పుడు పలుచని రంగులో మన ఫోల్డరులు కనబడును. వానిలోని పాటలను, ఫొటోలను కంప్యూటరులోనికి ప్రతిచేసి, వినబడుచున్నవో లేదో ఒక్కొక్కటి తెరచి పరీక్షించి, ఆ ప్రతిని వేరొక డిస్కులో నుంచి, ఆ డిస్కును కంప్యూటరునుండి ఊడదీసి బీరువాలో పెట్టవలెను. పెన్‌డ్రైవును ఫార్మాట్ చేయుట అటుపిమ్మట. మన బడి ప్రయోగశాలలో ప్రతి శుక్రవారము కడపటి గంటలో ఈ పని జరుగుచున్నది. అవ్వల పాటలు తెచ్చువారు పెన్‌డ్రైవును తిన్నగ అచ్చటికే తేవలెను, దారిలో దుకాణమున తగిలింపరాదు.